రష్యన్ బీఏ: ఇఫ్లూనా, జేఎన్‌యూనా?

ఇంటర్ రిజల్ట్స్ వస్తే చాలు, నాకు ఇదే ప్రశ్న. "మావాడు రష్యన్ చదువుతానంటున్నాడండీ. తార్నాకలో చేర్చమంటారా, ఢిల్లీ పంపమంటారా?" అసలు రష్యన్ చదవాలా వద్దా అన్నది ఇప్పుడు ఎత్తను. చదవాలని తేల్చుకున్నవాళ్ళ కోసమే ఇది.

హైదరాబాద్ తార్నాకలో ఉన్నది ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ), ఢిల్లీలో ఉన్నది జేఎన్‌యూ. కాగితం మీద రెండూ దాదాపు సమానం. రెండూ కేంద్రీయ విశ్వవిద్యాలయాలే, ఫీజు గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. రెండుచోట్లా అక్షరమాలతో మొదలుపెట్టి పీహెచ్‌డీ దాకా వెళ్ళొచ్చు. జేఎన్‌యూ రష్యన్ కేంద్రానికి మూలం 1965లో పెట్టిన రష్యన్ అధ్యయన సంస్థ. ఇఫ్లూ 1958లో ఇంగ్లీషు కోసం పుట్టింది, రష్యన్ వచ్చి చేరింది 1972లో. సెమినార్లు, పరిశోధన పత్రాలు, సన్మానాలు రెండు శాఖలకూ చాంతాడంత ఉంటాయి. అవి ప్రొఫెసర్ల ఘనతలు. మీరు కనుక్కోవాల్సింది వేరే ఉంది: మూడో ఏడాది పిల్లల్లో టీఆర్‌కేఐ (విదేశీయులకి పెట్టే రష్యన్ భాషా పరీక్ష) బీ1, అంటే మధ్యస్థ స్థాయి, ఎంతమంది పాసయ్యారు? ఆఫీసుకి ఫోన్ చేసి లాభం లేదు, హాస్టల్లో సీనియర్లని పట్టుకోండి.

నా మట్టుకు తేల్చేది ఒక్కటే. క్లాసు బయట రష్యన్ మాట్లాడే మనిషి దొరుకుతాడా లేదా?

మన పిల్లల్ని విభక్తులు భయపెట్టవు. డు, ము, వు, లు వల్లించినవాళ్ళకి ఆరు విభక్తులు ఒక లెక్కా! (మార్కుల కోసం తీసుకున్న ఇంటర్ సంస్కృతం ఆఖరికి ఇక్కడ అక్కరకొస్తుంది.) ఏడిపించేది క్రియ. పని సాగుతోందా, పూర్తయిందా అన్నదాన్ని బట్టి క్రియలు జంటలుగా ఉంటాయి. పుస్తకంలో చదివితే అర్థమైనట్టే ఉంటుంది, నోరు తిరగదు.

ఢిల్లీలో ప్రగతి మైదాన్ ఎగ్జిబిషన్లకి భాషా విద్యార్థుల్ని రోజుకింత అని మాట్లాడుకుని దుబాసీలుగా తీసుకెళ్తారు. స్టాల్ దగ్గరికొచ్చినాయన ఐదు పెట్టెలు ఎంతకిస్తారని అడుగుతాడు. రష్యన్‌లో రెండు, మూడు, నాలుగు తర్వాత 'పెట్టె' అన్న మాటకి ఒక రూపం, ఐదు నుంచి ఇంకో రూపం. మొదటి ఏడాదిలోనే రాసి పాసైన పాఠం. అయినా ఆయన వాచీ చూసుకుంటూ నిలబడితే, పక్కన మన స్టాల్ ఓనరు "ఏమంటున్నాడు, ఏమంటున్నాడు" అని గోకుతుంటే, ఆ టెన్షన్‌లో నాలుక మడతపడుతుంది. సాయంత్రానికి అదే నోరు దారిలో పడుతుంది. ఏ లాంగ్వేజ్ ల్యాబూ చేయలేని పని అది. ఫిరోజ్‌షా రోడ్డులో రష్యన్ హౌస్ ఉంది, ఎంబసీ ఉంది, టూరిస్టులున్నారు. అందుకే అడిగినవాళ్ళకి ముందు జేఎన్‌యూ పేరే చెప్తాను.

అలాగని ఇఫ్లూని తీసిపారేయను. తార్నాక క్యాంపస్‌కి మన విదేశాంగ శాఖ ఖర్చుతో ఇంగ్లీషు నేర్చుకోవడానికి విదేశీయులు వస్తుంటారు, మధ్య ఆసియా వాళ్ళు కూడా. ఉజ్బెక్, తాజిక్ వాళ్ళలో చాలామందికి రష్యన్ వచ్చు. నువ్వు నాకు రష్యన్, నేను నీకు ఇంగ్లీషు అని బేరం పెట్టుకుంటే సరి. చిక్కేమిటంటే పలకరించాల్సింది మనమే, మనవాళ్ళు మెస్‌లో తెలుగు బ్యాచ్ వదిలి కదలరు. పైగా హైదరాబాద్ మందుల కంపెనీలకి రష్యా పెద్ద మార్కెట్. రిజిస్ట్రేషన్ పత్రాల అనువాదం మీద మనసున్నవాళ్ళకి, ఆడపిల్లని దూరం పంపలేమనే ఇళ్ళకి ఇఫ్లూ బీఏ చక్కగా సరిపోతుంది. ఎమ్మేకి ఢిల్లీ వెళ్ళొచ్చు. నిజానికి తిరగేసి చేయడం కంటే అదే నయం.

ఢిల్లీ యూనివర్సిటీలో ఉన్నది స్లావోనిక్, ఫిన్నో-ఉగ్రియన్ శాఖ, అంటే రష్యన్‌తో పాటు తూర్పు యూరప్ భాషలు నేర్పే శాఖ. పోలిష్, చెక్, బల్గేరియన్ కావాలంటే అక్కడికే వెళ్ళాలి. రష్యన్ ఒక్కటే కావాలంటే పై రెండూ చాలు.

ఇక నేరుగా మాస్కో. భాషకి అంతకు మించింది లేదు. ముందు ఒక ఏడాది ప్రిపరేటరీ కోర్సు, తర్వాత డిగ్రీ. రష్యా ప్రభుత్వ కోటాలో సీటొస్తే ఫీజుండదు కానీ విమానం టికెట్, ఇన్సూరెన్స్, తిండి మనవే. 2022 మార్చి నుంచి మన బ్యాంకులిచ్చే వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు అక్కడ పనిచేయడం లేదు. నెలనెలా డబ్బు ఎలా పంపుతారో ముందు తేల్చుకుని, ఆ తర్వాత అప్లై చేయండి.