మైక్రోకంట్రోలర్ కిట్ కొనేవారికి హెచ్చరిక: పాయింటర్ల పాఠం చూశాకే డబ్బు కట్టండి

హనుమకొండలో డిప్లొమా, బీటెక్ విద్యార్థుల కోసం బోర్డునూ సీ ప్రోగ్రామింగ్ పుస్తకాన్నీ కలిపి కిట్‌గా అమ్ముతున్న ఒక దుకాణంలో నాలుగు వేలకు పైగా చెల్లించి కొన్నాను. బోర్డు బాగానే ఉంది. లోపమంతా పుస్తకంలో, అందులోనూ పాయింటర్లకు (మెమరీ అడ్రస్‌ను దాచుకునే వేరియబుళ్లకు) సంఖ్యలు కలిపే అధ్యాయంలో ఉంది.

ఇంట్ (పూర్ణ సంఖ్య) రకం పాయింటరుకు ఒకటి కలిపితే అడ్రస్ ఎల్లప్పుడూ రెండు బైట్లు ముందుకు జరుగుతుందని అందులో రాశారు. ఇంట్ రెండు బైట్లే ఉండే టర్బో సీ అనే పాత కంపైలరుకు, ఆర్డుయినో ఊనో బోర్డులోని ఏటీమెగా328పీ చిప్‌కు ఆ మాట చెల్లుతుంది. కిట్‌లో ఇచ్చిన బోర్డు మీది చిప్ మాత్రం ఎస్‌టీఎం32ఎఫ్103. అక్కడ ఇంట్ నాలుగు బైట్లు. ఎప్పటివో పాత నోట్సుకు కొత్త అట్ట వేసినట్టున్నారు.

అంతకన్నా పెద్ద తప్పు ఎల్‌ఈడీ ప్రోగ్రాంలో ఉంది. పోర్టు (పిన్నుల గుంపు) మొదటి అడ్రస్ నుంచి, పిన్నులకు పంపే విలువను రాసే ఓడీఆర్ రిజిస్టర్ 12 బైట్ల దూరంలో ఉంటుంది. పుస్తకంలో ఆ 12ను తెచ్చి నేరుగా 32 బిట్ల పాయింటరుకు కలిపారు. కలిపిన ప్రతి ఒకటికీ కంపైలర్ నాలుగు బైట్లు జరుపుతుంది కనుక, రాయవలసిన విలువ 48 బైట్ల అవతల, ఏ రిజిస్టరూ లేని చోట పడుతుంది. అక్కడ కలపవలసింది మూడు. కంపైలర్ దీనికి ఒక్క వార్నింగూ ఇవ్వదు. పైగా పీసీ13 అనే పిన్నుకు కలిపిన ఎల్‌ఈడీ ఆ పిన్ సున్నాలో ఉన్నప్పుడే వెలిగేది కావడంతో, విలువ చేరని ఆ పిన్ సున్నాలోనే ఉండి, ఆగి ఆగి వెలగవలసింది వెలుగుతూనే ఉండిపోతుంది. దుకాణదారు దాన్నే చూపించి, "లైటు మంచిగనే వెలుగుతుంది కదా సార్, ఇంకేంది?" అన్నారు.

కొనబోయేవారు కౌంటరు దగ్గరే ఆ ప్రోగ్రాం పేజీ తెరిపించి, ముందుగా పాయింటర్ ఏ రకానిదో చూడండి. అది ఎనిమిది బిట్ల రకమైతే 12 కలపడం సరైనదే, చివర రిజిస్టర్ రకానికి మార్చి రాస్తే చాలు. 32 బిట్ల రకానికి 12 కలిపి ఉంటే పుస్తకం అక్కడే తిరిగి ఇచ్చేయండి. బోర్డు ఒక్కటే విడిగా అమ్ముతారేమో అడగండి, ఖర్చూ తగ్గుతుంది.

నాకు తెల్ల చీటీ మీద మొత్తం రాసిచ్చారే తప్ప, అడిగినా బిల్లు ఇవ్వలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, బిల్లులో గడువు లేనప్పుడు 30 రోజుల్లోగా లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడమూ అనుచిత వ్యాపార పద్ధతులే. ఇప్పటికే కొన్నవారు ఆ పేజీనీ, చీటీనీ ఫోటో తీసి ఉంచుకొని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.