పూర్తిగా మానేయడమా, తగ్గించి వాడుకోవడమా: ఏది మేలు?

ఇంటి ఖర్చు తగ్గించుకోవాలని గట్టిగా అనుకున్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. అవసరం లేని సౌకర్యాలను ఒకేసారి వదిలేయాలా, లేక ఉంచుకుని పొదుపుగా వాడుకుంటే సరిపోతుందా? ఖర్చులు రాసుకోవడం, అప్పులు ముందు తీర్చడం లాంటివన్నీ తెలిసినవాళ్లే అడుగుతున్నారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. ముసలివాళ్లకో, జబ్బుతో ఉన్నవాళ్లకో, పసిపిల్లలకో తప్పనిసరైన వస్తువును కూడా ఈ చర్చలోకి లాగను.

మిగతావాటి విషయంలో మామూలుగా వినిపించే సలహా "అతి వద్దు, కాస్త తగ్గించుకో చాలు" అని. దాంతో ఇంట్లో గొడవలు రావు నిజమే. అయినా నా ఓటు చాలావరకు మానేయడానికే. ఒక పొదుపు నిలబడుతుందా లేదా అన్నది తేల్చేది, నా దృష్టిలో, దానికోసం మనం ఎన్నిసార్లు నిర్ణయం తీసుకోవాల్సి వస్తుందన్న ఒక్క విషయమే. మానేస్తే ఒకసారి నిర్ణయించుకుంటే అయిపోతుంది. తగ్గించుకుంటే రోజూ, ఒక్కోసారి రోజుకు నాలుగైదుసార్లు, అదే సంగతి మళ్లీ తేల్చుకోవాలి. వస్తువు ధర, కరెంటు బిల్లు ఆ తర్వాతి మాట.

బట్టల డ్రయ్యర్ సంగతి చూడండి. ఈమధ్యే మా ఇంట్లో దాన్ని తీసేశాం. "వాన పడ్డప్పుడే వాడదాం" అని నియమం పెట్టుకుంటే సరిపోదా అని కొందరు అన్నారు. కానీ అలాంటి నియమం ఉన్న ఇంట్లో కొన్నాళ్లకు మబ్బు పట్టినా వాన కిందే లెక్క. పొద్దున్నే తొడుక్కోవాల్సిన చొక్కా ఒకటి తడిగా ఉంటే ఆ మబ్బు కూడా అక్కర్లేదు. నియమాన్ని ఎవరూ కావాలని మీరరు. బాగా అలసిపోయి ఇంటికొచ్చిన రాత్రి దానంతట అదే పక్కకు పోతుంది. డ్రయ్యరే లేనప్పుడు ఈ బేరం ఉండదు. రేపు కావాల్సినవి ఇవాళ పొద్దున్నే ఉతకాలని అందరికీ అలవాటైపోతుంది. మందపాటి జీన్స్‌ను తిరగేసి, జేబుల్ని బయటికి లాగి, నడుము పట్టీ దగ్గర క్లిప్పు పెట్టి వేలాడదీయడం పిల్లలు కూడా నేర్చుకుంటారు. లేకపోతే పైకి ఆరినట్టే ఉండి, జేబు గుడ్డలోనూ మందపాటి కుట్ల దగ్గరా తడి మిగిలిపోతుంది.

మామూలు డ్రయ్యర్ ఒక విడతకు సుమారు 2 నుంచి 4 యూనిట్ల కరెంటు తాగుతుంది. వేడి గాలిని బయటికి వదిలేయకుండా ఆ వేడినే మళ్లీ వాడుకునే హీట్ పంప్ రకమైతే అందులో దాదాపు సగం. ఇంకో నష్టం బిల్లులో కనిపించదు. ఫిల్టర్‌లో ప్రతిసారీ పేరుకునే నూగు మన బట్టల నుంచి ఊడిన పోగులే. తువ్వాళ్లు పలచబడేది, చొక్కా కాలరు అంచు త్వరగా అరిగేది కొంతవరకు ఇందువల్లే.

తగ్గించి వాడుకోవడంలో మరో చిక్కు ఉంది, దీన్ని లెక్కేసేవాళ్లు తక్కువ. వాడకం తగ్గితే వాడకం ఖర్చు మాత్రమే తగ్గుతుంది. వస్తువు మన దగ్గర ఉన్నందుకు అయ్యే ఖర్చు అలాగే ఉంటుంది. వీడియో సబ్‌స్క్రిప్షన్‌లో సినిమాలు సగమే చూసినా నెల రుసుము సగం కాదు. రెండో కారు సగమే తిప్పితే పెట్రోలు సగమవుతుంది. కానీ బీమా తగ్గదు, ఏటా పడిపోయే అమ్మకపు విలువ ఆగదు, కదలకుండా నిలబడితే బ్యాటరీ దిగిపోతుంది, నడవకపోయినా టైర్ల రబ్బరు గట్టిపడుతుంది. అంటే అన్నాళ్లు కోరిక చంపుకున్నా చేతికి మిగిలేది అనుకున్నదాంట్లో కొద్ది భాగమే. "ఇంత కష్టపడ్డా ఏం మిగల్లేదు" అని విసుగొచ్చి జనం పొదుపునే వదిలేయడానికి, నేను చూసినంతలో, ఇదే పెద్ద కారణం.

మరి మానేయడం ఎందుకంత కష్టంగా ఉంటుంది? మన చేతిలో ఉన్నదాని విలువ మన కళ్లకు ఎక్కువగా కనిపిస్తుంది. డబ్బు విషయంలో మనుషులు ఎలా నిర్ణయాలు తీసుకుంటారో పరిశోధించిన డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరికి మామూలు కప్పులు ఇచ్చి, ఎంతకైతే అమ్ముతారని అడిగారు. కప్పు లేనివాళ్లను ఎంతకైతే కొంటారని అడిగారు. అమ్మేవాళ్లు చెప్పిన ధర, కొనేవాళ్లు ఇస్తామన్నదానికి రెట్టింపు దగ్గర ఉంది. కప్పు చేతికొచ్చి కాసేపే అయినా అంత తేడా. ఏళ్లతరబడి హాల్లో ఉన్న మసాజ్ కుర్చీ మీద మమకారం ఇంకెంత ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకే "దీన్ని వదులుకోగలనా" అని అడగడం కంటే "ఇది ఇంట్లో లేకపోతే, ఇవాళ వెళ్లి కొంటానా" అని అడగడం మంచిది. రెండో ప్రశ్నకు జవాబు చాలా త్వరగా వస్తుంది. "అంత డబ్బు పోసి కొన్నాం కదా" అన్న మాటకు ఇక్కడ తావివ్వకండి. ఆ డబ్బు వస్తువు ఉన్నా పోయినట్టే, లేకున్నా పోయినట్టే. ఇప్పుడు అమ్మితే వచ్చేదెంత, ఉంచితే అయ్యేదెంత అన్నదే చూడాలి. ధైర్యం చాలకపోతే ప్లగ్గు తీసి, గుడ్డ కప్పి, ఒక సీజన్ పాటు అటకెక్కించండి. ఎవరూ అడగకపోతే అమ్మేయండి.

అయితే తగ్గించి వాడుకోవడమే సరైన చోట్లు కూడా ఉన్నాయి. గదిని చల్లబరచడం లేదా వేడి చేయడం, నీళ్లు కాచుకోవడం ఈ కోవలోవి. వీటిని పూర్తిగా మానేయమని నేను ఎవరికీ చెప్పను. పైగా ఇక్కడ కొంచెం తగ్గించినా చెప్పుకోదగ్గ ఫలితం ఉంటుంది. బయట 36 డిగ్రీలున్నప్పుడు లోపల 22 పెట్టుకుంటే తేడా 14 డిగ్రీలు. 26 పెట్టుకుంటే 10. గోడల గుండా వచ్చే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది కాబట్టి అది దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. చలి దేశంలో హీటర్‌కూ ఇదే లెక్క, కాకపోతే తలకిందులుగా. ఇక నీళ్లు: 20 లీటర్ల నీటిని 20 డిగ్రీలు వేడెక్కించడానికి అర యూనిట్‌కు కాస్త తక్కువ పడుతుంది. అంత కరెంటుతో ఫోన్‌ను ఇరవై సార్లు చార్జ్ చేసుకోవచ్చు. ఖాళీ చార్జర్ గోడకు ఉండిపోయిందని టెన్షన్ పడేవాళ్లు ఆ శ్రద్ధ షవర్ మీద పెడితే బాగుంటుంది. (రోజంతా 5 వాట్లు లాగే సెట్ టాప్ బాక్స్ లాంటివి వేరు. అవి ఏడాదికి 44 యూనిట్ల దాకా తినేస్తాయి.)

ఇక్కడ కూడా నిలబడేది రోజూ ఆలోచించాల్సిన అవసరం లేని పద్ధతే. "ఏసీ తక్కువ వాడదాం" అంటే ఎవరూ పాటించలేరు. 26 దగ్గర పెట్టి రిమోట్‌ను ముట్టుకోకపోవడం, నిద్రలో దానంతట అదే ఆగేలా టైమర్ పెట్టడం ఎవరైనా చేయగలరు. నిమిషానికి 10 లీటర్లకు పైగా నీళ్లు వదిలే షవర్ తల తీసేసి, 6 నుంచి 9 లీటర్ల రకం బిగిస్తే, ఎవరెంతసేపు స్నానం చేస్తున్నారని తలుపు కొట్టనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. నీళ్లు నిల్వ ఉండే గీజర్‌లో ఉష్ణోగ్రతను మరీ కిందికి దించకూడదు. గోరువెచ్చటి నిల్వ నీటిలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, అది ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. అందుకే ట్యాంకులో నీటిని 60 డిగ్రీల దగ్గర ఉంచమంటారు.

పాతది తీసేసి తక్కువ కరెంటు తినేది కొనడం మూడో దారి. 60 వాట్ల పాత బల్బు స్థానంలో 8, 9 వాట్ల ఎల్ఈడీ పెట్టడం వరకు కళ్లు మూసుకుని చేయొచ్చు. పెద్ద వస్తువులైతే పాతది చెడిపోయేదాకా ఆగడమే మంచిది. "తక్కువే తింటుంది కదా" అని కొత్తదాన్ని ఎక్కువసేపు నడపడం మనుషుల స్వభావం. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం మొదలయ్యాక బ్రిటన్‌లో బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే చూపించారు.

అద్దెకో ఎరువుకో తెచ్చుకోవడం నాలుగోది. డ్రిల్లు, పొడవాటి నిచ్చెన లాంటి ఏడాదికోసారి పనికొచ్చే వాటికి బాగుంటుంది. అంతకు మించి దాని గురించి చెప్పడానికేం లేదు.

మానేయడం వైపు ఇంతగా మొగ్గుతున్నా ఒక విషయంలో మాత్రం నాకు రాజీ లేదు. ఒక యంత్రం ఇంట్లోంచి పోతే అది చేసే పని ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరి చేతుల మీద పడుతుంది. తీసేద్దామని ప్రకటించేది ఒకరు, ఆ పని నెత్తినేసుకునేది ఇంకొకరు అయితే అది పొదుపు లెక్కలోకి రాదు. గిన్నెలు కడిగే మెషీన్ సంగతే చూడండి. కొత్త రకాలు ఒక విడతకు 10 నుంచి 15 లీటర్ల నీళ్లతో సరిపెడతాయి. కుళాయి ధార వదిలేసి చేత్తో కడిగితే రెండు మూడు నిమిషాల్లోనే అన్ని నీళ్లు పోవచ్చు. అలాంటి మెషీన్‌ను దండగమారిదని తీసేస్తే నీళ్లూ మిగలవు, రోజూ రాత్రి ఒకరి నడుమూ నొప్పెడుతుంది. కాబట్టి తీసేయడానికి ముందే ఆ పని ఎవరు చేస్తారో పేరుతో సహా తేలాలి. మా ఇంట్లో బట్టలు ఆరేసేది ఎవరు, తీసి మడతపెట్టేది ఎవరు అన్నది తేలాకే డ్రయ్యర్ బయటికి వెళ్లింది. ఒకరు ఇష్టంగా వాడుకునే వస్తువును వాళ్లు లేనప్పుడు తీసేయడం కూడా అన్యాయమే. వదులుకునే మాట వాళ్ల నోటి నుంచే రావాలి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, నేనైతే ముందు నెలనెలా దానంతట అదే డబ్బు కోసుకునేవి ఆపుతాను. చూడని చానళ్లు, వెళ్లని జిమ్, నిండని క్లౌడ్ స్టోరేజీ లాంటివి. వాటిని ఆపితే ఎవరికీ అదనపు పని పడదు. తర్వాత ఒకటి ఉండగా కొన్న రెండోవి: రెండో టీవీ, రెండో ఫ్రిజ్, రెండో కారు. వేడి చేసే యంత్రాల్లో మానేయగలిగినది డ్రయ్యర్ ఒక్కటే, దాని వంతు ఆ తర్వాత. ఏసీ, గీజర్ల దగ్గరికి చివర్లో వస్తాను, అదీ టైమర్ పెట్టడానికి, షవర్ తల మార్చడానికి.