గ్రాఫు గీయడానికి తప్ప అన్నిటికీ పనికొచ్చింది: హెచ్‌పీ 48జీఎక్స్‌తో ఇరవై ఏళ్లు

నా బల్ల మీద రోజూ వాడే కాలిక్యులేటర్ తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. హెచ్‌పీ 48జీఎక్స్. 1993లో వచ్చింది, 2003లో ఆపేశారు. ఆపేశారని తెలిశాకే నేను కొన్నాను, అదీ సెకండ్ హ్యాండ్, వెనకాల ఎవరిదో పేరు మేకుతో గీకి ఉంది. అప్పట్నుంచి ఇదే. మధ్యలో దీని తర్వాతి తరం హెచ్‌పీ 50జీ కూడా కొని రెండేళ్లు దాన్నే వాడదామని గట్టిగా ప్రయత్నించాను, ఫోన్‌లో దీన్ని అనుకరించే ఎమ్యులేటర్ యాప్ పెట్టుకున్నాను, ఆఖరికి చెయ్యి మళ్లీ దీని మీదకే వెళ్లింది. పాత గ్రాఫింగ్ కాలిక్యులేటర్ల గురించి ఎవరు రాసినా 'ఆ రోజులే వేరు' అనే ధోరణిలో రాస్తారు. నాకు ఆ రోజుల మీద పెద్ద మమకారం లేదు. ఈ వస్తువులో ఏం బాగుంది, ఏం బాగాలేదు అన్నది మాత్రం వాడినవాడిగా చెప్పగలను.

ఇది చేతికిస్తే ఎవరైనా మొదట అడిగేది 'ఈక్వల్ టు బటన్ ఎక్కడ?' అని. ఆ గుర్తు ఉంటుంది గానీ సమీకరణాలు రాయడానికే, జవాబు తెప్పించడానికి కాదు. లెక్క వేసే తీరు తిరగేసి ఉంటుంది: అంకెలు ముందు, చేయాల్సిన పని తర్వాత. 3 కొట్టి ఎంటర్, 4 కొట్టి ప్లస్, వెంటనే 7 వచ్చేస్తుంది. దీన్ని ఆర్‌పీఎన్ అంటారు, రివర్స్ పోలిష్ నొటేషన్. యాన్ లుకాసీవిచ్ అనే పోలండ్ తర్కశాస్త్రవేత్త గుర్తును అంకెల ముందు రాసే పద్ధతి కనిపెట్టాడు, దాన్ని తిప్పితే ఇది. అందరూ ఇది నేర్చుకోవడం కష్టం అంటారు. నాకు మొదటి వారం కష్టంగానే ఉంది, తర్వాత ఒకరోజు తట్టింది: 'మూడుకి నాలుగు కలుపు, వచ్చినదాన్ని ఐదుతో హెచ్చవెయ్యి' అని మనం నోటితో చెప్పుకునేది ఇదే వరుస కదా! తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇందులోనూ అంతే. 'మూడు ప్లస్ నాలుగు ఇంటూ ఐదు' అన్నదే బళ్లో నేర్పిన పరాయి వరుస, దానికి మళ్లీ బ్రాకెట్లు, ఏది ముందు చేయాలో సూత్రాలు. ఆర్‌పీఎన్‌లో బ్రాకెట్ల అవసరమే రాదు.

నాది బిల్డింగ్ డిజైన్ పని. రోజుకి వందసార్లు వేసే చిన్న లెక్క ఒకటి చెబుతాను. ఆరు మీటర్ల దూలం, మీటరుకి 12 కిలోన్యూటన్ల బరువు, మధ్యలో వంపు మొమెంట్ (దూలాన్ని వంచే ప్రభావం) ఎంత? 6 కొట్టి వర్గం, 36. 12 కొట్టి ఇంటూ, 432. సూత్రంలోని 8 కొట్టి భాగహారం, 54. ప్రతి మెట్టు దగ్గరా అంకె కళ్ల ముందే ఉంటుంది కాబట్టి తప్పు కొడితే అక్కడికక్కడే తెలుస్తుంది. మామూలు కాలిక్యులేటర్‌లో లైనంతా కొట్టి ఈక్వల్ టు నొక్కి ఒక అంకె వస్తే దాన్ని నమ్మడమా, మళ్లీ కొట్టడమా అన్నది మన ఖర్మ. ఇంకోటి, మధ్యలో ఫోన్ వచ్చిందనుకోండి, పది నిమిషాల తర్వాత తిరిగొచ్చి చూస్తే సగం లెక్క స్టాక్‌లో, అంటే అంకెలు ఒకదాని మీద ఒకటి నిలిచే దొంతరలో, అలాగే పేర్చి ఉంటుంది, స్క్రీన్ మీద నాలుగు అంతస్తులు కనిపిస్తాయి, పైన ఇంకెన్ని ఉన్నా మెమరీ ఉన్నంతవరకు పోవు. అంతకుముందు వచ్చిన హెచ్‌పీ మోడళ్లు 41సీ, 42ఎస్‌లలో స్టాక్ నాలుగంతస్తులే. ఆ నాలుగే చాలు, అంతకంటే ఎక్కువైతే మనిషి బద్ధకిస్తాడని వాదించే 42ఎస్ భక్తులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లతో వాదన పెట్టుకోవద్దు, తెల్లారిపోతుంది.

ఈ స్టాక్‌లో అంకెలే కాదు, ఏదైనా పెట్టొచ్చు: మాట్రిక్స్, సమీకరణం, జాబితా, ప్రోగ్రాం, బొమ్మ కూడా. యూనిట్లతో సహా అంకె పెట్టొచ్చు. గంటకు 72 కిలోమీటర్లు అని పెట్టి సెకనుకి మీటర్లలోకి మార్చమంటే 20 అని యూనిట్‌తో పాటు ఇస్తుంది, మీటర్లకి కిలోలు కలపబోతే కుదరదని మొహం మీదే చెబుతుంది. డిజైన్ పనిలో యూనిట్ల తప్పే అన్నిటికంటే ప్రమాదం, ఈ ఒక్కటీ నన్ను ఎన్నిసార్లు కాపాడిందో. సాల్వర్ అని ఇంకోటి ఉంది, సూత్రం ఒకసారి రాసిపెడితే అందులోని అక్షరాలన్నీ స్క్రీన్ కింద మెనూగా వస్తాయి, తెలిసినవి నింపి తెలియనిదాన్ని అడగడమే. సూత్రాన్ని అటూ ఇటూ తిప్పి రాసుకునే పని లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను నిజంగా వాడేది ఈ మూడే: స్టాక్, యూనిట్లు, సాల్వర్.

మరి గ్రాఫు? అక్కడికే వస్తున్నాను. దీన్ని గ్రాఫింగ్ కాలిక్యులేటర్ అంటారు, పెట్టె మీద గ్రాఫు బొమ్మ వేసి అమ్మారు, కానీ ఇరవై ఏళ్లలో పని కోసం దీని మీద గీసిన గ్రాఫులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్క్రీన్ 131 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు, వెనక లైటు లేదు. ప్రాసెసర్ పేరు శాటర్న్, హెచ్‌పీ సొంతంగా చేసుకున్నది, 48జీఎక్స్ ఉన్న జీ సిరీస్‌లో దాదాపు 4 మెగాహెర్ట్జ్ వేగం. సైన్ కర్వ్ గీయమంటే ఎడమ నుంచి కుడికి చీమ నడిచినట్టు ఒక్కో చుక్కా పెట్టుకుంటూ పోతుంది, త్రీడీ అంటే ఇక టీ తాగి రావొచ్చు. మొదట్లో అలా గీస్తుంటే చూడటం సరదాగా ఉండేది, ఒప్పుకుంటాను. రెండోసారికి ఆ సరదా తీరిపోతుంది. గ్రాఫు కోసం ఎవరైనా ఇప్పుడు ఇది కొంటానంటే నేనే ఆపుతాను.

కీల గురించి చెప్పకపోతే ఈ సమీక్షకి అర్థం లేదు. నొక్కితే 'టక్'మని లోపలికి దిగినట్టు వేలికి తెలుస్తుంది, చప్పుడు తక్కువ, స్పర్శ ఎక్కువ. అంటే స్క్రీన్ చూడకుండా, కాగితం మీదే కళ్లు పెట్టి కొట్టుకుంటూ పోవచ్చు, కొట్టింది పడిందా లేదా అన్న టెన్షన్ ఉండదు. ఎంటర్ కీ మిగతావాటికి రెట్టింపు వెడల్పు, అంకెల పైన ఎడమ వైపు ఉంటుంది, ఎడమ చేత్తో పట్టుకుంటే బొటనవేలు సరిగ్గా దాని మీదే ఆనుతుంది. ఎడమ షిఫ్ట్ ఊదా రంగు, కుడి షిఫ్ట్ ఆకుపచ్చ, ఒక్కో కీకి మూడేసి పనులు. మొదట చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆరు నెలలకి రంగు చూడటం కూడా మానేస్తాం.

బ్యాటరీ విషయంలో ఒక ఏడుపు ఉంది, తప్పు పూర్తిగా నాదే. మూడు సన్న సెల్లతో, అంటే ట్రిపుల్ ఏ సెల్లతో నెలల తరబడి నడుస్తుంది, ఆ విషయంలో వంక పెట్టలేం. కానీ మనం దాచుకున్నదంతా కరెంటు అందకపోతే చెరిగిపోయే ర్యామ్‌లోనే ఉంటుంది, సెల్లు తీసి కొత్తవి పెట్టడానికి కొద్ది నిమిషాలే టైం. నేను పాత సెల్లు తీసేసి, కొత్తవి ఎక్కడ పెట్టానో ఇల్లంతా వెతికి, తీరిగ్గా వచ్చి పెట్టాను. ఆన్ చేస్తే 'మెమరీ కాపాడటానికి ప్రయత్నించమంటావా?' అని అడిగింది, అవునన్నాను, ప్రయత్నించింది, ఏమీ మిగల్లేదు. నాలుగేళ్లుగా ఒక్కొక్కటే రాసుకున్న ప్రోగ్రాములు, స్టీలు లెక్కలు, స్తంభాల లెక్కలు అన్నీ పోయాయి. కేబుల్ తగిలించి కంప్యూటర్‌లోకి ఎక్కించుకునే దారి మొదటి రోజు నుంచీ ఉంది, నేనే చేయలేదు. ఇప్పుడు కొత్త సెల్లు చేతిలో ఉంటేనే మూత తీస్తాను.

50జీ దగ్గరికి వద్దాం. 2006లో వచ్చింది, 2015లో అదీ ఆగిపోయింది. కాగితం మీద చూస్తే దీనికి ఎదురులేదు: ఏఆర్ఎం ప్రాసెసర్, 131కి 80 చుక్కల పొడుగు స్క్రీన్, ఎస్‌డీ కార్డు, యూఎస్‌బీ, మెమరీకి కాపలాగా ఒక బటన్ సెల్లు (ఇది 48లో ఉండుంటే పైన రాసిన పేరా ఉండేది కాదు). తమాషా ఏంటంటే ఆ కొత్త ప్రాసెసర్ లోపల కూర్చుని చేసే పని పాత శాటర్న్‌ని అనుకరించడమే, అయినా అసలు శాటర్న్ కంటే ఎన్నో రెట్లు వేగం. మరెందుకు వదిలేశాను? రెండు కారణాలు. ఎంటర్ కీని మామూలు సైజుకి కుదించి కింద కుడి మూలకి తోసేశారు, నా బొటనవేలు రెండేళ్లు పాటు వేరే కీ మీద పడుతూనే ఉంది. రెండోది, దాని బీజగణితం తెలివి. ఒకటిని మూడుతో భాగించమంటే ఒక్కోసారి ఒకటి బై మూడు అనే ఇస్తుంది, గణితపరంగా అది సరైన జవాబే, కానీ నాకు కావాల్సింది సున్నా పాయింట్ మూడు మూడు. మోడ్ మార్చుకోవచ్చు, మార్చాను కూడా, ఇంకో పని చేయబోతే మళ్లీ మోడ్ మార్చమంటావా అని అడుగుతుంది. గణితం చదివేవాళ్లకి 50జీయే మేలు, అందులో సందేహం లేదు. 2013లో వచ్చిన హెచ్‌పీ ప్రైమ్‌కి రంగుల టచ్ స్క్రీన్ ఉంది, ఆర్‌పీఎన్ పేరుకి ఉంది, కానీ 48, 50జీల ప్రోగ్రామింగ్ భాష అయిన ఆర్‌పీఎల్‌లో మేం రాసుకున్న ప్రోగ్రాములు అందులో నడవవు. దాని గురించి ఇంతకంటే చెప్పను.

పాత కాలిక్యులేటర్లు పోగేసేవాళ్లు నాకు కొంతమంది తెలుసు, అందరిదీ ఒకే రకం పిచ్చి కాదు. కేసియో ఎఫ్‌ఎక్స్-7000జీ కోసం వెతికేవాళ్లకి అది మొదటిది కావడమే ముఖ్యం: 1985, ప్రపంచంలో మొదటి గ్రాఫింగ్ కాలిక్యులేటర్, ప్రోగ్రాములకి 422 బైట్లు. అవును, బైట్లే. టీఐ (టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్) కాలిక్యులేటర్ల వాళ్ల కథ ఇంకో రకం. వాళ్లలో చాలామందికి టీఐ-83 ప్లస్ లెక్కల యంత్రం కాదు, మొట్టమొదటి కంప్యూటర్, జెడ్80 చిప్ మీద ఆటలు రాసి కేబుల్‌తో పక్కవాడికి ఎక్కించిన జ్ఞాపకం. టీఐ-85లో మెమరీ బ్యాకప్‌ని అడ్డం పెట్టుకుని మెషీన్ భాష (చిప్‌కి నేరుగా అర్థమయ్యే భాష) ప్రోగ్రాములు నడిపించే జెడ్‌షెల్ అనే కిటుకు కనిపెట్టింది కుర్రాళ్లే. 2009లోనైతే ఒక అభిమాని తన కంప్యూటర్‌ని నెలల తరబడి నడిపి 83 ప్లస్ సాఫ్ట్‌వేర్‌కి కాపలా ఉన్న 512 బిట్ల తాళాన్నే పగలగొట్టాడు. వాళ్లు తలుచుకునేది యంత్రాన్ని లొంగదీసుకున్న రోజుల్ని. మేం 48 వాళ్లం లొంగదీసుకోవాల్సిన అవసరం పెద్దగా రాలేదు, ఇది దాదాపు తలుపులు తెరిచే వచ్చింది. ఇన్‌ఫ్రారెడ్ ఉంది కదా అని దీన్ని టీవీ రిమోట్‌గా మార్చినవాళ్లు కూడా ఉన్నారు.

'ఎమ్యులేటర్ ఉండగా ఈ బాధలెందుకు' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎమ్యు48 అనే ఎమ్యులేటర్‌లో అచ్చం ఇదే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది, పైగా గ్రాఫు కన్నుమూసి తెరిచేలోగా వస్తుంది, సెల్లు మార్చే గొడవ లేదు. ప్రయాణంలో నేనూ అదే వాడతాను. కాని నున్నటి గాజు మీద కొట్టేటప్పుడు ప్రతి అంకెకీ కళ్లు స్క్రీన్ మీదకి పోవాలి, అలా పోయినప్పుడల్లా కాగితం మీద చదువుతున్న లైను తప్పిపోతుంది. పది లెక్కలుంటే పర్వాలేదు. రెండొందలుంటే మెడ నొప్పి, తప్పులు. పైగా మధ్యలో మెసేజ్ ఒకటి వచ్చి స్క్రీన్ మీద వాలుతుంది.

ఇప్పుడు కొనాలా అంటే, ఆర్‌పీఎన్ ముందుగా ఫోన్‌లో ఒక నెల ప్రయత్నించండి, నచ్చకపోతే పీడా పోయింది. నచ్చితే అప్పుడు వెతకండి, కానీ వయసైన సరుకని గుర్తుపెట్టుకోండి. సెల్లు పెట్టే గూడు తెరిచి స్ప్రింగుల మీద పచ్చగా, తెల్లగా బూజులాంటిది ఉందేమో చూడండి. స్క్రీన్‌లో ఏవైనా గీతలు ఎగిరిపోయాయేమో చూడండి. లోపల కనెక్షన్లని ఒత్తిపట్టి ఉంచే మెత్తటి పట్టీ ఏళ్లు గడిచేకొద్దీ పట్టు వదులుతుంది, దాన్ని బాగుచేయాలంటే మూత విప్పాలి, మూతకి స్క్రూలుండవు, ప్లాస్టిక్ కరిగించి అతికించారు. బాగుచేయగలిగేవాళ్లు ఉన్నారు గాని మొదటి ప్రయత్నం మీ దాని మీద చేయకండి. లోపల కీబోర్డు పరీక్ష ఒకటి ఉంటుంది, 49 కీలనూ పై వరుస ఎడమ నుంచి మొదలుపెట్టి క్రమంలో నొక్కుతూ పోతే అన్నీ పలుకుతున్నాయో లేదో చెబుతుంది, అమ్మేవాళ్ల ముందే అది చేయించండి.

ఇది రాసే ముందు నాదానికీ ఆ పరీక్ష పెట్టాను. 48 కీలు ఒక్క నొక్కుకే పలికాయి. ఎంటర్‌ని మాత్రం రెండోసారి నొక్కాల్సి వచ్చింది, ఇరవై ఏళ్లుగా నా బొటనవేలు దాన్ని అంతలా అరగదీసింది మరి.