8088 తీసి ఎన్ఈసీ వీ20 పెట్టాక: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

పాత ఎక్స్‌టీ క్లోన్ (ఐబీఎం పీసీ/ఎక్స్‌టీకి నకలుగా చేసిన కంప్యూటర్) ఉన్నవాళ్లు, అందులోని 8088 ప్రాసెసర్ బదులు వీ20 వేసుకోవచ్చా అని అడిగితే తప్పకుండా వేసుకోమంటాను. కానీ వేగం ఒక్కటే చూసి కొనకండి.

జపాన్ కంపెనీ ఎన్ఈసీ 1984లో తెచ్చిన ఈ చిప్పు ఇంటెల్ 8088 ఉన్న 40 కాళ్ల సాకెట్‌లోనే కూర్చుంటుంది. బయాస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) మార్చక్కర్లేదు, లెక్కల సహాయక చిప్పు 8087 ఉంటే దాన్నీ కదపక్కర్లేదు. లోపల మాత్రం చాలా మార్పులున్నాయి. మెమరీ అడ్రస్ లెక్కలకు విడిగా సర్క్యూట్ ఉంది. 16 బిట్ల గుణకారానికి 8088 కనీసం 118 క్లాకులు (చిప్పు గడియారపు టిక్కులు) తీసుకుంటే, ఇది 30 క్లాకుల్లో ముగిస్తుంది. లోటస్ 1-2-3 స్ప్రెడ్‌షీట్‌లో పెద్ద షీట్ మళ్లీ లెక్కకట్టేటప్పుడు ఆ తేడా కంటికి తెలుస్తుంది. టర్బో పాస్కల్‌లో ప్రోగ్రామ్ కంపైల్ కూడా కాస్త త్వరగా అవుతుంది. అయితే మెమరీకి వెళ్లే బయటి దారి 8088లాగే 8 బిట్లే, ఒక్కో బైట్‌కు అవే 4 క్లాకులు. ఫైళ్లు కాపీ చేసేటప్పుడు పెద్దగా మార్పు ఉండదు.

నాకు బాగా నచ్చింది చల్లదనం. వీ20 సీమాస్ అనే పద్ధతిలో చేసిన చిప్పు, కరెంటు తక్కువ తాగుతుంది. చెన్నైలో మే నెలలో, ఏసీ లేని గదిలో, పాత 8088 మీద వేలు పెట్టి చూసినవాళ్లకు ఈ సుఖం అర్థమవుతుంది.

ఇంకోటి 8080 మోడ్, అంటే ఇంటెల్ పాత 8080 చిప్పులా పనిచేసే తీరు. చిన్న సహాయక ప్రోగ్రామ్ ఉంటే, సీపీ/ఎం అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు 8080 భాషలో రాసిన ప్రోగ్రామ్‌లను ఈ చిప్పే నేరుగా నడుపుతుంది. మా పెదనాన్న ఎప్పుడో 8080 అసెంబ్లీలో రాసుకున్న ప్రోగ్రామ్ తెరమీద కనబడగానే "ఇది నిజంగా చిప్పు మీదే నడుస్తోందిరా?" అని అడిగారు. "అవును పెదనాన్నా, ఎమ్యులేటర్ కాదు" అన్నాను. ఆ సాయంత్రమంతా ఆయన కుర్చీ వదల్లేదు.

కొనేటప్పుడు జాగ్రత్త. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో అడిగితే దొరకొచ్చు, కానీ పైన గీకి కొత్త అచ్చు వేసిన చిప్పులు ఎక్కడైనా ఉంటాయి. దూదికి అసిటోన్ అద్ది తుడిస్తే అచ్చు చెరిగిపోతుందంటే వద్దనేయండి. టర్బో బటన్‌తో 8 మెగాహెర్ట్జ్‌కి వెళ్లే బోర్డు అయితే పేరు చివర "-8" ఉన్నదే తీసుకోండి. పెట్టేటప్పుడు చిప్పు మీది గాటు, సాకెట్ మీది గాటు ఒకే వైపు ఉండాలి. తిరగేసి పెడితే 5 వోల్టులు గ్రౌండ్ కాలికి వెళ్తాయి, చిప్పు పోతుంది. పాతదాన్ని ఒకే కొస నుంచి లాగకుండా అటోసారి ఇటోసారి కొద్దికొద్దిగా లేపాలి.

సముద్రపు గాలికి కాళ్లు మసకబారతాయి. వానాకాలం అయ్యాక మెషిన్ లేవకపోతే టెన్షన్ పడకండి. ముందు చిప్పు తీసి, కాళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ గట్టిగా నొక్కి చూడండి. మా ఇంట్లో ఎక్కువసార్లు దాంతోనే సరిపోయింది.

ఎన్ఈసీ మైక్రోకోడ్ (చిప్పు లోపల దాన్ని నడిపే సూచనలు) ఇంటెల్ హక్కులను ఉల్లంఘించలేదని 1989లో అమెరికా కోర్టు తీర్పిచ్చింది. ఇది వేరే డిజైన్ కాబట్టే క్లాకుల లెక్క 8088తో సరిగ్గా కలవదు. ఒక్కో క్లాకూ లెక్కపెట్టి రాసిన డెమోలు (గ్రాఫిక్స్ విన్యాసాలు చూపే ప్రోగ్రామ్‌లు), కొన్ని పాత ఆటలు దీనిమీద తేడాగా నడుస్తాయి. అవే మీకు ముఖ్యమైతే 8088నే ఉంచుకోండి. వీ20 వేసినా పాత చిప్పును పారేయకుండా నల్ల యాంటీ-స్టాటిక్ ఫోమ్‌లో గుచ్చి, కేబినెట్ దగ్గరే దాచండి.