జిమిన్ 'ఫేస్' ఆల్బమ్ గ్రూప్ ఆర్డర్: వైజాగ్ ఆర్మీ (బీటీఎస్ అభిమానులు), రేపు ఆ పేజీకి డబ్బు పంపకండి

రాత్రి పన్నెండు దాటింది. నిద్ర రావడం లేదు, చేతులు ఇంకా వణుకుతున్నాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి. రేపు పొద్దున్న పదింటికి కొత్త గ్రూప్ ఆర్డర్ (అందరి డబ్బూ కలిపి ఆల్బమ్‌లు ఒకేసారి తెప్పించడం) మొదలుపెడుతున్నామని మన ఊళ్ళో ఆల్బమ్‌లు అమ్మే ఆ పేజీలో స్టోరీ పెట్టారట, నా ఫ్రెండ్ స్క్రీన్‌షాట్ పంపింది. అందుకే తెల్లారేదాకా ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను.

ఆ పేజీ నడిపే ఆవిడ పేరు పెట్టడం లేదు. మన ఊళ్ళో బీటీఎస్ (జిమిన్ పాడే కొరియా గ్రూపు) ఆల్బమ్‌లు కొనేవాళ్ళకి పేరు అక్కర్లేదు కూడా. టెన్నేటి పార్కులో జిమిన్ పుట్టినరోజు కేక్ కోసినప్పుడు తాళ్ళు పట్టుకుని బ్యానర్ కట్టింది ఎవరు? "అక్కా" అని మెసేజ్ పెడితే "చెప్పు బంగారం" అని నిమిషంలో జవాబిచ్చేది ఎవరు? ఆవిడే.

నాలుగు 'ఫేస్' ఆల్బమ్‌లకి 10,800 రూపాయలు కట్టాం. నాలుగూ డూప్లికేట్. అడిగినందుకు పది మంది ముందు మాటలు పడ్డాను, ఇంటికొచ్చేసరికి నన్ను బ్లాక్ చేసింది.

ఆర్డర్ సంగతి గబగబా చెప్పేస్తాను. నేను, ఏయూ హాస్టల్లో ఉండే ఇద్దరు అమ్మాయిలు, మా పిన్ని కూతురు. ఆ ఆల్బమ్‌లో రెండు వెర్షన్లు: ఇన్విజిబుల్ ఫేస్ రెండు, అన్‌డిఫైనబుల్ ఫేస్ రెండు. ఒక్కోటి 2,350. నలుగురి డబ్బూ నా ఫోన్ నుంచే వెళ్ళింది. కొరియా షాపు నుంచి నేరుగా వస్తాయి, హాంటియో (కొరియాలో ఆల్బమ్ అమ్మకాలు లెక్కించే చార్ట్) లెక్కలోకి కూడా వెళ్తాయి అంది. నెల దాటాక "కస్టమ్స్‌లో ఆగింది బంగారం, ఒక్కోదానికి ఇంకో 350 పంపాలి" అంది. పంపాం. ఆరో వారంలో పార్సిల్ వచ్చింది.

మా చెల్లి, అంటే ఆ పిన్ని కూతురు గురించి మాత్రం కొంచెం చెప్పాలి. 2023 మార్చి 24న 'ఫేస్' విడుదలైనప్పుడు దానికి తొమ్మిదో తరగతి. 2013లో గ్రూపుతో మొదలైన జిమిన్ దాదాపు పదేళ్ళకి తన పేరు మీద తెచ్చిన మొదటి ఆల్బమ్ అది. అందులోని 'లైక్ క్రేజీ' పాట అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానంలో దిగిన రోజు చెల్లి మా ఇంటి మేడమీద ఎగిరిన ఎగురుడు నాకింకా గుర్తుంది. సోలోగా ఆ స్థానానికి చేరిన మొదటి కొరియన్ తనేనని మా అమ్మమ్మకి కూడా కూర్చోబెట్టి చెప్పింది. జిమిన్‌ది బూసాన్, అదీ మనలాగే సముద్రం పక్కన రేవు ఊరు అని చెప్తే అమ్మమ్మ "అయితే మనవాడే" అంది. అప్పుడు ఆల్బమ్ కొనడానికి దాని దగ్గర డబ్బుల్లేవు. ఇప్పుడు ఇంటర్ సెకండియర్. దసరాకి తాతయ్య ఇచ్చినవి, ట్యూషన్‌కి ఆటో ఎక్కకుండా నడిచి మిగిల్చినవి కలిపి, పది, ఇరవై నోట్లతో సహా నా చేతిలో పెట్టింది. ఆ నోట్లు లెక్కపెట్టి నా అకౌంట్‌లో వేసుకుని ఆవిడకి పంపింది నేనే.

పార్సిల్ వచ్చాక మేం వెంటనే సీల్ తియ్యలేదు. ఆదివారం నలుగురం కలిసి తీద్దామనుకున్నాం. ఇంట్లో ఎవరికీ సీడీ ప్లేయర్ లేదు. ఎంవీపీ కాలనీలో మా మామయ్య పాత కారులో మాత్రం ఉంది, పనిచేస్తుంది కూడా. సీడీయే ఎందుకంటే 'లెటర్' కోసం. ఈ ఆల్బమ్ కొన్నవాళ్ళకి తెలిసిందే: ఆరు పాటలు ఆన్‌లైన్‌లో పెట్టారు, ఏడోది సీడీలో మాత్రమే దాచారు. కవర్ మీద దాని పేరు కూడా ఉండదు. అభిమానుల కోసం ఉత్తరంలా రాసిన పాట, వెనకాల జంగ్‌కుక్ గొంతు కూడా వినిపిస్తుంది. ఎవరో ఎక్కించిన ముక్కల్లో వినను, నా సీడీలోనే మొదటిసారి వింటాను అని మా చెల్లి ఇన్నాళ్ళూ చెవులు మూసుకుని కూర్చుంది.

ఆదివారం సాయంత్రం కారు వీధి చివర వేపచెట్టు కింద పెట్టి, అద్దాలు ఎత్తేసి, నలుగురం కూర్చున్నాం. చెల్లి ముందు సీట్లో. సీడీని రెండు వేళ్ళతో అంచులు పట్టుకుని లోపలికి తోసింది. 'ఫేస్ ఆఫ్' మొదలైంది. ఎవరం మాట్లాడలేదు. ఒక్కో పాటకీ ప్లేయర్ మీద అంకె మారుతోంది. 'లైక్ క్రేజీ'కి నలుగురం పాడాం. ఆరోది, ఇంగ్లీష్ వెర్షన్, అయిపోయింది. చెల్లి నా చెయ్యి పట్టుకుంది. ప్లేయర్ మీద 06 ఉంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత 01 పడింది. మళ్ళీ 'ఫేస్ ఆఫ్'.

"అక్కా, ఆగు, దాచిన పాట కదా, ఇంకోసారి చివరిదాకా విందాం" అంది. విన్నాం. మళ్ళీ 01. తన సీడీ తీసి నాది పెట్టాం. హాస్టల్ అమ్మాయిలవి పెట్టాం. నాలుగూ అంతే.

అప్పుడు సీడీ వెనక్కి తిప్పి చూశాను. ఫ్యాక్టరీలో అచ్చయిన సీడీ అడుగు వెండిలా మెరుస్తుంది. ఇది లేత ఆకుపచ్చ. కాలేజీ ప్రాజెక్టులు రాసి ఇచ్చేవాళ్ళం చూడండి, ఖాళీ సీడీలు, అచ్చం ఆ రంగు. లోపలి వైపు రాసినంత మేర ఒక ఛాయ, బయట ఖాళీగా మిగిలినంత మేర ఇంకో ఛాయ, మధ్యలో గీసినట్టు గుండ్రని హద్దు. ఆన్‌లైన్‌లో దొరికిన ఆరు పాటలూ దించుకుని సీడీలో రాసేశారు. ఏడోది అక్కడ దొరకదు కాబట్టి ఇందులోనూ లేదు. మా కోసం రాసిన ఉత్తరం ఒక్కటే లేదు.

ఆల్బమ్‌తో పాటు వచ్చే జిమిన్ ఫోటోకార్డులు కూడా పక్కపక్కన పెట్టాం. నాలుగింటిలో మూడు ఒకటే ఫోటో. అలా రావచ్చు, దానికి గొడవ లేదు. కానీ మూడింటి మీదా జిమిన్ ఎడమ భుజం దగ్గర ఒకే చోట సన్నటి గీత. నా కార్డు మీద గోరుతో రుద్దితే పోలేదు, తగల్లేదు కూడా. అది కార్డు మీద పడ్డ గీత కాదు. గీతపడ్డ కార్డు ఒకటి ఎక్కడో స్కాన్ చేసి, గీతతో సహా అచ్చేశారు.

పార్సిల్ కవర్ చెత్తబుట్టలోంచి తీసి చూశాను. కస్టమ్స్ కాగితం లేదు, ముద్ర లేదు. పై స్టిక్కర్ ఊడబీకితే కింద ఇంకో స్టిక్కర్, మన దేశంలోదే ఒక ఊరి పిన్‌కోడ్. ఈ నాలుగూ కొరియా మొహమే చూడలేదు. మరి ఆ 350 చొప్పున 1,400 ఏ కస్టమ్స్‌కి కట్టినట్టు?

ఇంత చూశాక కూడా నేను ఆవిడని దొంగ అనుకోలేదు. అది రాయాలంటేనే ఇప్పుడు కడుపు మండుతోంది. పాపం ఆవిడనీ ఎవరో మోసం చేసి ఉంటారు, చెప్తే తనే కనుక్కుంటుంది అనుకున్నాను. ఈ సాయంత్రం బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ దగ్గర ఎవరివో ఆర్డర్లు ఇవ్వడానికి వస్తోందని తెలిసి, చెల్లిని తీసుకుని వెళ్ళాను. అక్కడ పది మంది దాకా అమ్మాయిలున్నారు. పక్కకి పిలిచి మెల్లగా చెప్పాను. "అక్కా, సీడీల్లో లెటర్ లేదు. అడుగున రంగు కూడా తేడాగా ఉంది. ఒకసారి మీరు అవతలవాళ్ళని అడుగుతారా?"

పక్కకి వచ్చిన మనిషి మళ్ళీ అందరి మధ్యకీ వెళ్ళి, అందరికీ వినపడేలా అంది: "సీడీలు వేసుకుని పాటలు వినేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరమ్మా? అల్మారాలో పెట్టుకోడానికేగా కొనేది."

నేను చెల్లి వైపు చూశాను. అది తన సీడీ కవర్లో పెట్టి, గుండెలకి ఆనించి పట్టుకుని నిలబడింది. ఆవిడ దాన్ని కూడా చూసింది. చూసి, "ఈ పిల్లకి తేడా తెలుస్తుందా? 2,350కి ఒరిజినల్ ఇస్తానని నేను చెప్పానా? ఒరిజినల్ కావాలంటే ఒరిజినల్ అని అడగాలి" అంది.

అంటే తెలుసు. డబ్బు తీసుకున్న రోజే తెలుసు. కొరియా షాపు అంటూ, హాంటియో అంటూ, కస్టమ్స్ అంటూ ఆరు వారాలు చెప్పిన ప్రతి మాటా తెలిసే చెప్పింది. అవన్నీ నా చాట్‌లో ఉన్నాయి. "అఫీషియల్, సీల్డ్" అన్న మెసేజ్ కూడా ఉంది. అది చూపిద్దామని నేను ఫోన్ తీస్తుంటే, "వీడియోలు తీసి బెదిరిస్తున్నావా" అని అరిచింది. నేను వీడియో తియ్యలేదు. అక్కడున్న అమ్మాయిల్లో ఒక్కరూ నోరు తెరవలేదు. వాళ్ళని తప్పుపట్టను. వాళ్ళ ఆర్డర్లు ఆవిడ సంచిలో ఉన్నాయి, మాట్లాడితే చేతికి వస్తాయో రావో. కానీ మీలో ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఈ రాత్రే మీ సీడీ తిప్పి చూడండి.

ఇంటికి వచ్చేదాకా బస్సులో చెల్లి ఒక్క మాట మాట్లాడలేదు. గేటు దగ్గర మాత్రం "అక్కా, అమ్మకి చెప్పకు" అంది. డబ్బు పోయినందుకు కాదు. అక్క అని పిలిచిన మనిషి తన వైపు చూసి 'ఈ పిల్ల' అన్నందుకు దానికి సిగ్గుగా ఉంది. సిగ్గుపడాల్సింది అదా?

తప్పు నాది కూడా. హాస్టల్ అమ్మాయిల్లో ఒకరు మొదట్లోనే "అక్కా, కొరియా షాపు ఆర్డర్ నంబరు ఒకసారి అడుగుదామా" అంది. "మన అక్కేగా, బాగోదు" అని నేనే ఆపాను. పేజీలో కామెంట్లు మూసేసి ఉన్నాయి, చూశాను. పేజీ పేరు ఒకటి, డబ్బు వెళ్ళే యూపీఐలో కనిపించే పేరు ఇంకొకటి, అదీ చూశాను. బ్యానర్ కట్టిన చేతులు చూసి ఇవేవీ పట్టించుకోలేదు. ముగ్గురు చిన్నపిల్లలు నన్ను నమ్మి డబ్బిచ్చారు. వాళ్ళ తరఫున అడగాల్సిన ప్రశ్న అడగకుండా మొహమాటపడ్డాను.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను, ఫిర్యాదు తీసుకున్నారు. డబ్బు వెళ్ళిన గంటల్లో చేస్తే అవతల అకౌంట్‌లో ఆపే అవకాశం ఎక్కువ. నాకు వారాలు దాటిపోయాయి, తిరిగొస్తుందన్న ఆశ పెద్దగా లేదు. అయినా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్క్రీన్‌షాట్లన్నీ పెట్టాను.

కొనేవాళ్ళు ఇవి చూసుకోండి. డబ్బు కట్టకముందే కొరియా షాపు ఆర్డర్ కాగితం అడగండి, ఇవ్వనంటే వదిలెయ్యండి. సీల్ తీసేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా వీడియో తియ్యండి. సీడీ అడుగు చూడండి. 'ఫేస్' అయితే ఆరు పాటల దగ్గర ఆగకండి, 'లెటర్' ఉందో లేదో వినండి. వెవర్స్ వెర్షన్ (యాప్‌లో పాటలు వినే రకం) కొన్నవాళ్ళు కంగారుపడకండి, దానిలో అసలు సీడీయే ఉండదు. చాట్లు ఇప్పుడే దాచుకోండి. నన్ను బ్లాక్ చేసేముందు తన వైపు నుంచి సగం మెసేజ్‌లు చెరిపేసింది. ముందే స్క్రీన్‌షాట్లు తీసుకోబట్టి నా దగ్గర ఉన్నాయి.

చెల్లి 2,700 ఈ రాత్రే దాని చేతికి ఇచ్చేశాను. తీసుకోనంది, పుస్తకంలో పెట్టి వచ్చాను. హాస్టల్ అమ్మాయిలకి జీతం పడగానే ఇస్తాను.

శనివారం మా ల్యాబ్‌కి సెలవు పెట్టి సైబర్ క్రైమ్ స్టేషన్‌కి వెళ్తున్నాను. ఆ పేజీలో కొన్న ఏ ఆల్బమ్ అయినా సరే, సీడీ అడుగు ఆకుపచ్చగా ఉంటే ఒక ఫోటో, మీరు డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ నాకు పంపండి. మీ పేరు బయటికి రాకుండా చూసుకుంటాను. నా ఒక్కదాని కాగితాల కన్నా పది మందివి కలిపి పెడితే వాళ్ళు వినక తప్పదు. శుక్రవారం రాత్రిలోగా పంపండి, ప్రింట్లు తీయించాలి.