వైర్‌లెస్ అన్నా కరెంటు వైరు తప్పదు: నాలుగేళ్లు వాడిన నెట్‌వర్క్ కెమెరాల సమీక్ష

హనుమకొండలో రెండంతస్తుల ఇల్లు, కింద కిరాణా దుకాణం, ఊళ్లో బావి కాడ మోటరు షెడ్డు. ఈ మూడు చోట్లా కలిపి నాలుగేళ్లుగా నడుస్తున్నవి ఇవి: 4 మెగాపిక్సెల్ పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు అందే) కెమెరాలు నాలుగు, వైఫై కెమెరాలు రెండు, సిమ్ వేసే సోలార్ కెమెరా ఒకటి, 8 చానళ్ల ఎన్‌వీఆర్ (కెమెరాల బొమ్మను రికార్డు చేసే పెట్టె) ఒకటి. తీర్పు ముందే చెప్పేస్తాం. కేబుల్ లాగే వీలున్న ప్రతిచోటా పీఓఈ పెట్టండి. వీలే లేని చోట మాత్రం వైఫై.

పాత అనలాగ్ కెమెరాకు వీడియోకు ఒక వైరు, కరెంటుకు ఇంకో వైరు. పీఓఈకి ఒక్క క్యాట్6 కేబుల్ చాలు. కరెంటూ బొమ్మా అందులోనే వెళ్తాయి, 100 మీటర్ల దాకా. దీనివల్ల అసలు లాభం కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. కెమెరాల కేబుళ్లు వచ్చి కలిసే పీఓఈ స్విచ్, ఎన్‌వీఆర్, రౌటర్ మూడింటినీ ఒకే ఇన్వర్టర్ లైనుకు కలిపితే కెమెరాలన్నీ వెలుగుతూనే ఉంటాయి. మొత్తం లోడు 50 వాట్లకు అటూఇటూ, ఒక ఫ్యానంత కూడా కాదు. చాలా ఇన్వర్టర్లకు వెనక యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటుంది, దాన్ని వేసి పెట్టండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ చిన్న సందులోనే ఎన్‌వీఆర్ ఆగి మళ్లీ మొదలవుతుంది, రెండు మూడు నిమిషాల రికార్డు పోతుంది.

కేబుల్ దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. బజారులో తక్కువకు దొరికే చుట్టల్లో చాలావాటిలో ఉండేది రాగి పూత పూసిన అల్యూమినియం. లోపలి తీగను బ్లేడుతో గీకి చూడండి, తెల్లగా మెరిస్తే అల్యూమినియమే. పగలంతా బాగానే నడిచి, చీకటి పడగానే కెమెరా ఆగి ఆగి వస్తోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. రాత్రి చీకట్లో చూసేందుకు కెమెరాలో ఉండే ఐఆర్ లైట్లు వెలిగితే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది, పొడుగు అల్యూమినియం తీగలో వోల్టేజి పడిపోతుంది. కెమెరా పాడైందనుకుని మార్చేవాళ్లు ఎక్కువ, తప్పు మాత్రం వైరుది.

ఇక వైఫై. పేరులో వైర్‌లెస్ ఉన్నా అడాప్టరుకు ప్లగ్గు కావాల్సిందే, ఆ ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో లేకపోతే కరెంటుతోపాటే కెమెరా కూడా పోతుంది. కానీ గ్రానైటు పరిచిన మెట్ల హాలు, అద్దె ఇల్లు, సీలింగు పని అయిపోయిన గది, ఇలాంటి చోట్ల గోడ పగలకొట్టకుండా అరగంటలో బిగించొచ్చు. అక్కడ దానికి సాటి లేదు. బిగించేముందు కెమెరా వచ్చే చోట ఫోను పట్టుకుని సిగ్నల్ కొలిచే యాప్‌తో చూడండి. మైనస్ 65 డీబీఎం (సిగ్నల్ బలం కొలత) ఉంటే నిశ్చింత, మైనస్ 75 కంటే కిందికి పోతే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఒకటి ఫర్వాలేదు. స్లాబు, రేకుల షెడ్డు, ఇనుప షట్టరు మాత్రం సిగ్నల్‌ను మింగేస్తాయి. చవక కెమెరాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌నే పట్టుకుంటాయి. రౌటర్‌లో 2.4కూ 5కూ ఒకే పేరుంటే జతకావడానికి మొండికేస్తాయి, రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టండి. చానల్‌ను ఆటోలో వదలకుండా 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే దానికి కట్టేయండి.

కొనేటప్పుడు అందరూ అడిగేది మెగాపిక్సెల్. అడగాల్సింది లెన్సు. కొత్త మనిషి ముఖం గుర్తుపట్టాలంటే బొమ్మలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు పడాలన్నది లెక్క. 4 మెగాపిక్సెల్ కెమెరాలో అడ్డంగా 2560 పిక్సెళ్లుంటాయి, అంటే బొమ్మలో పడే చోటు వెడల్పు 10 మీటర్లకు మించకూడదు. 2.8 ఎంఎం లెన్సు వెడల్పుగా చూస్తుంది కాబట్టి మనిషి నాలుగు మీటర్ల దూరం దాటితే ఆ లెక్క తప్పుతుంది. 4 ఎంఎం ఆరు మీటర్ల దాకా, 6 ఎంఎం పది మీటర్ల దాకా పనికొస్తాయి. దుకాణం లోపలికి 2.8, గేటుకు 4 లేదా 6 తీసుకోండి. ఎత్తు 8, 9 అడుగులు చాలు. పైఅంతస్తు పిట్టగోడకు బిగిస్తే దొంగ టోపీ తప్ప ఏమీ దొరకదు.

రాత్రి బొమ్మకు పెద్ద శత్రువు సాలెపురుగు. ఐఆర్ వెలుగుకు పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు సరిగ్గా లెన్సు ముందే గూడు అల్లుతుంది. ఒక్క పోగు చాలు, ఐఆర్ దానిమీద పడి తెరంతా పాలు పోసినట్టు తెల్లబడుతుంది, గాలికి ఊగిన ప్రతిసారీ ఫోను మోగుతుంది. వానాకాలంలో వారానికోసారి పొడుగు కర్రకు మెత్తటి గుడ్డ చుట్టి దులపాలి. సజ్జకు, పక్క గోడకు మరీ దగ్గరగా బిగించినా ఇదే తెల్లదనం.

ఎండ సంగతి రామగుండం వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. రోహిణి కార్తెలో పడమటి గోడమీది కెమెరా పెట్టె గాలికంటే బాగా ఎక్కువ వేడెక్కుతుంది, అందుకే సజ్జ నీడలోనే బిగించాలి. వర్షానికి కెమెరా తట్టుకుంటుంది, దాని తోక చివర కేబుల్ గుచ్చే ఆర్జే45 జాయింటు తట్టుకోదు. నీళ్లు దిగితే పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. జాయింటును జంక్షన్ బాక్సులో పెట్టి, కేబుల్‌ను కిందికి వంపు తిప్పి లోపలికి పంపండి. కోతులున్న వీధుల్లో వేలాడే కేబుల్ నెల కూడా ఉండదు, పీవీసీ పైపు తప్పనిసరి.

హార్డ్ డిస్కు లెక్క: వీడియోను కుదించే హెచ్.265 పద్ధతిలో 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) పెడితే ఒక కెమెరా రోజుకు 21.6 జీబీ తింటుంది. నాలుగు కెమెరాలకు 2 టీబీ 23 రోజులు వస్తుంది. నూరుమంది, అంతకుపైన గుమిగూడే సంస్థలు 30 రోజుల రికార్డు ఉంచాలని 2013 నాటి ప్రజా భద్రతా చట్టం చెబుతోంది, అలాంటివాళ్లు 4 టీబీ తీసుకోవాలి. కెమెరాల కోసం చేసిన డిస్కే కొనండి. వైఫై కెమెరాలో 128 జీబీ కార్డు అయిదు రోజులకు సరిపోతుంది, కానీ కెమెరా ఎత్తుకెళ్తే కార్డూ పోతుంది. అందుకే ఆన్‌విఫ్ (వేరే కంపెనీ ఎన్‌వీఆర్‌తోనూ కలిసే ప్రమాణం) ఉన్న వైఫై కెమెరాయే కొని ఎన్‌వీఆర్‌కు కలపాలి. ఇంటికి తాళం వేసి మేడారం జాతరకు పోతే జనం రద్దీలో ఫోనుకు నెట్ అందకపోవచ్చు, అయినా ఇంట్లో రికార్డు సాగుతూనే ఉంటుంది.

టైము సరిగ్గా లేని రికార్డు పోలీసుల ముందు సగం విలువ పోగొట్టుకుంటుంది. నెట్ నుంచి టైము సరిచేసుకునే ఎన్‌టీపీ సెట్టింగు ఆన్ చేయండి. కరెంటు పోయి వచ్చాక తేదీ వెనక్కిపోతుంటే ఎన్‌వీఆర్ లోపలి నాణెం బ్యాటరీ అయిపోయినట్టే. ఫుటేజీని తెరమీంచి ఫోనుతో తీసి ఇవ్వొద్దు, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి. కోర్టుకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా జతచేయాలి. బిగించినవాడు పెట్టిన పాస్‌వర్డ్ ఆ రోజే మార్చేయండి, రౌటర్‌లో పోర్టులు (బయటి నెట్ నుంచి నేరుగా లోపలికి వచ్చే దారులు) తెరవనివ్వొద్దు. పక్కింటి వాకిలి తెరలో పడితే ప్రైవసీ మాస్కుతో ఆ భాగాన్ని మూసేయండి.

బావి కాడి సోలార్ కెమెరా 24 గంటలూ రికార్డు చేయదు, వేడి కదలిక పసిగట్టి నిద్రలేస్తుంది. లేచేసరికి ఒకటి రెండు సెకన్లు పోతాయి. అందుకే దాన్ని స్టార్టర్ డబ్బా మీదికి తిప్పకుండా, అక్కడికి వచ్చే బాటకు అడ్డంగా చూసేలా పెట్టాలి. మనిషి ఎదురుగా నడిచొస్తే సెన్సారు ఆలస్యంగా పడుతుంది, అడ్డంగా దాటితే వెంటనే పడుతుంది. ప్యానెల్ దక్షిణానికి చూస్తూ, 18 డిగ్రీల వాలుతో ఉండాలి. ముసురు పట్టిన వారంలో ఛార్జింగ్ సగానికి పడిపోతుంది, అప్పుడు లైవ్ చూడటం తగ్గించండి. 2 ఎంబీపీఎస్‌లో నిమిషం చూస్తే 15 ఎంబీ డేటా, దానికి తోడు బ్యాటరీ కూడా కరిగిపోతుంది.