రెడీమేడ్ జెల్ డిష్‌లు: మెత్తనివి కొనండి, గట్టివి వదిలేయండి

బెంగళూరులో యలహంక వైపు మా ల్యాబ్‌కి వచ్చే తెలుగు పిల్లలు అడిగేది ఒకటే: "అక్కా, కణాలు పెంచే జెల్ డిష్‌లు కొనొచ్చా, మనమే పోసుకోవాలా?" మెత్తనివైతే కొనండి. గట్టివాటికి డబ్బు తగలెయ్యకండి.

మేం తెప్పించినవి గాజు అడుగు మీద పాలీఅక్రిలమైడ్ జెల్ పోసిన డిష్‌లు. గట్టిదనాన్ని కిలోపాస్కల్‌లలో కొలుస్తారు: 1 కిలోపాస్కల్‌ది ఒక రకం, 50ది ఒక రకం, ఒక అంచున మెత్తగా మొదలై రెండో అంచుకి గట్టిపడేది ఇంకో రకం. 1 అంటే ఇంచుమించు మెదడు కణజాలమంత మెత్తన, జున్నులా ఉంటుంది. మనం రోజూ వాడే ప్లాస్టిక్ డిష్ దానికంటే లక్షల రెట్లు గట్టి.

3టీ3 ఫైబ్రోబ్లాస్టులు, అంటే ల్యాబ్‌లో పెంచే ఎలుక కణాలు, వేశాం. 50 మీద బారజాపుకుని పరుచుకున్నాయి, లోపల యాక్టిన్ అనే ప్రొటీన్ తీగలు బిగుసుకుని కనిపించాయి. 1 మీద అవే కణాలు ముడుచుకుని కూర్చున్నాయి, విభజనలూ తగ్గాయి. కణం తన పైపొరలోని పట్టు ప్రొటీన్లు, ఇంటెగ్రిన్లతో అడుగును లాగి చూసుకుంటుంది. అడుగు గట్టిగా తగిలితే రో, రాక్ అనే ప్రొటీన్ల సంకేతాలు ఆ తీగల్ని లాగే మయోసిన్‌ని ఉసిగొల్పి ఆ లాగుడు ఇంకా పెంచుతాయి. వై-27632 అనే మందుతో రాక్‌ని ఆపితే గట్టి డిష్‌లో కూడా తీగలు సడలాయి. కాబట్టి జెల్‌లో మోసం లేదు. మూడో డిష్‌లో కణాలు గట్టి వైపుకే నడిచాయి, 2000లో అమెరికాలో యూ-లీ వాంగ్ బృందం చూపించినట్టే. ఇలాంటిది ల్యాబ్‌లో పోయడం తలనొప్పి, డబ్బు దీనికీ పెట్టండి.

50 జెల్ అయితే మీరే ఓ మధ్యాహ్నం పోసుకోగలరు, అక్రిలమైడ్, దాని గొలుసుల్ని ముడివేసే బిస్ పాళ్ళు మార్చడమేగా. గ్లౌజులు మాత్రం తీయకండి, గడ్డకట్టకముందు అక్రిలమైడ్ నరాలకి విషం.

ఇక చిరాకు సంగతి. విభజన దగ్గరగా చూద్దామంటే మైక్రోస్కోప్‌లో 60 రెట్లు పెద్దది చేసే 60ఎక్స్ ఆయిల్ లెన్స్‌కి ఫోకస్ అందదు, జెల్ అంత మందం. కణం గుండ్రంగా లేచి, నడుము దగ్గర మయోసిన్ ఉంగరం బిగుసుకునే ఘట్టమే మసక! 20ఎక్స్‌తో సరిపెట్టుకున్నాం. పైగా కొన్నింటికి అంచున జెల్ లేచిపోయింది. కణాలు దాని కిందికి దూరి గాజు మీద హాయిగా పరుచుకున్నాయి. అవి లెక్కలో కలిస్తే రిజల్ట్ గోవిందా.

డీలర్‌కి ఫోన్ చేస్తే "ఫ్రిజ్‌లో పెట్టలేదా మేడమ్?" అన్నాడు. 4 డిగ్రీల్లో, బఫర్ ద్రవంలోనే ఉంచాం బాబూ. ఎండలో బైక్ మీద ఐస్ ప్యాక్ లేకుండా పంపింది మీరు. చివరికి మార్చి ఇచ్చారు, థర్మోకోల్ పెట్టెలో. డెలివరీ అబ్బాయిని పంపేసేముందు ప్రతి డిష్ అంచూ 4ఎక్స్‌లో చూసుకోండి.